తినకూడని బంటు

మా నాయన, మా మామ వియ్యంకులు కావడానికి ముందే చదరంగంలో జోడీ. ఈ సంగతి పెళ్ళయ్యాక గాని నాకు తెలియలేదు. జాతకాలు కలిశాయని, ఇంటి మర్యాద నచ్చిందని అమ్మ చుట్టాలందరికీ చెప్పుకుంది. నేనూ అదే నమ్మాను. కాపురానికి వెళ్ళిన కొత్తలో మా అత్త గోంగూర తుంచుతూ అసలు మాట బయటపెట్టింది.

"ఏం జాతకాలే! గుర్రం పోయిందని మీ మామ తల పట్టుకోని కూసున్నడంట. మీ నాయనేమో 'గుర్రం పోతె పోయింది తియ్యి, నా బిడ్డను చేస్కో నీ కొడుక్కు' అన్నడంట. గంతే ముచ్చట."

 పోయిన గుర్రానికి బదులుగా వచ్చిన కోడలినా నేను? ఆ రాత్రి మా ఆయన్ను అడిగితే, "నాకూ అదే ఎరుక" అని నవ్వాడు. ఆయనకు అన్నిటికీ నవ్వే. నాకు మాత్రం వారం రోజులు నాయన మీద కోపం పోలేదు.

వాళ్ళిద్దరి పరిచయం పోలీసు యాక్షన్ అయిన ఏడాదిది. నాయన వికారాబాద్‌లో తాలూకా కచేరీ గుమాస్తా. మామకు తాండూరులో నాపరాళ్ళ వ్యాపారం, కొంత కంది చేను. ఆ రోజుల్లో రైలు ఎప్పుడొస్తుందో, వచ్చింది ఎప్పుడు కదులుతుందో ఎవరికీ తెలియదు. మామ వికారాబాద్ స్టేషన్లో ఇరుక్కుపోయి, సంచిలోంచి చదరంగం గుడ్డ తీసి పరుచుకుని, రెండు వైపులా తానే ఆడుకుంటూ కూర్చున్నాడట. ఎవరినో బండెక్కించడానికి వెళ్ళిన నాయన కాసేపు నిలబడి చూసి, "ఆ ఒంటె పోతది" అన్నాడు. "నీకేమెరుక?" అన్నాడు మామ. "జరుగు, చూపిస్త" అన్నాడు నాయన. తాండూరు వెళ్ళే బండి వచ్చింది, వెళ్ళింది. మామ ఎక్కలేదు.

అప్పటినుంచి నెలకోసారైనా ఈయన అక్కడికో, ఆయన ఇక్కడికో. ఇద్దరి ఆటా ఒకదానికొకటి సంబంధం లేనిది. మామ ఆలోచించడం కనపడేది కాదు. కాయను టపీమని కొట్టి పెట్టేవాడు, ఎదుటివాడి గుండె అదిరేటట్టు. నాయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, చూసేవాళ్ళకు నిద్రొచ్చేదాకా చూసి, మెల్లగా వేలితో తోసేవాడు. ఈరోజు ఈయన గెలిస్తే రేపు ఆయన. ఎవరిది పైచెయ్యి అని ఎవరైనా అడిగితే ఇద్దరూ ఒక్కటే మాట: "సమం." చెప్పేటప్పుడు ఇద్దరి ముఖాల్లోనూ ఒకటే గర్వం ఉండేది.

నాకూ ఆట వచ్చు. మామ రాని రోజుల్లో నాయనకు జోడీ లేక నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. అమ్మ గొణిగేది. నేను గెలిచింది తక్కువే గాని, ఎక్కడ ఏమవుతుందో చూడటం మాత్రం బాగా అబ్బింది.

ఇప్పుడు పిల్లలు ఆడే ఆటకూ మావైపు అప్పట్లో ఆడిన ఆటకూ ఒక తేడా ఉంది. అది చెప్పకపోతే ఈ కథంతా అర్థం కాదు. ఎదుటివాడి బలగమంతా తినేసి రాజును ఒంటరివాణ్ణి చేస్తే మా ఆటలో గెలిచినట్టు కాదు. ఆట అక్కడికక్కడే ఆగిపోతుంది, సమం. దాన్ని బుర్దు అనేవారు. గెలవాలంటే ఎదుటివాడికి కనీసం ఒక్క బంటైనా మిగిలి ఉండగానే రాజుకు ఆటకట్టు చెప్పాలి. అందుకని గెలిచేవాడికే చివర్లో పెద్ద పరేషాన్. ఆ ఆఖరి బంటు నోటిముందుకు వచ్చి నిలబడినా తినకూడదు. "ఆఖరి బంటు ఎదుటోనిది కాదు బిడ్డా, నీది అనుకో. దాన్ని కాపాడుకో" అని నాయన నాకు నేర్పిన మొదటి పాఠం. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఆత్రానికి దాన్ని తినేసి నాలుక కరుచుకునేవారు. నాయన తినడం నేనెప్పుడూ చూడలేదు.

ఇక నా సంగతి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడాది. ఊరూరా ఆడపిల్లలకు బడులు పెడుతున్నారు, పంతులమ్మలు దొరకడం లేదు. వికారాబాద్‌లో ఏడాది టీచర్ ట్రైనింగ్ అని తెలిసి, పెళ్ళికి ముందే నేను దరఖాస్తు పెట్టాను. నాయనే పెట్టించాడు. పెళ్ళి జరిగిపోయింది, నేను తాండూరు వచ్చేశాను, ఆ దరఖాస్తు సంగతి అందరూ మరిచిపోయారు. నేను మరవలేదు. పొయ్యి ముందు కూర్చున్నా, బావి దగ్గర నిలబడ్డా అదే ధ్యాస. పొద్దున పూట చేతిలో పలక పట్టుకుని వెళ్ళే పిల్లల్ని చూస్తే వాళ్ళు మలుపు తిరిగేదాకా నిలబడిపోయేదాన్ని. నా కడుపులో అంత ఆశ ఉందని ఇంట్లో ఎవరికీ తెలియదు. చెప్పుకునే చోటూ కాదు.

మా ఆడబిడ్డ కొడుకుకు తొట్టెల, అంటే ఉయ్యాల వేడుక, చేసిన రోజు పొద్దున బండికి నాయన వచ్చాడు. గడప దాటుతూ చెప్పు తట్టుకుని తూలాడు. అందరూ పకపకా నవ్వారు. వియ్యంకుడు తూలితే నవ్వకపోతే తప్పు కదా. "పొద్దుగాల్నే ఏసుకోని వచ్చినవా బావా?" అని మామ వేళాకోళం. నాయన కూడా నవ్వి, జేబులోంచి ఒక కాగితం తీసి మామ చేతికిచ్చాడు.

"ఏంది?"

"నువ్వే చదువు బావా."

మామ చదివాడు. నాకు సీటు వచ్చింది. సోమవారం లోపల చేరాలి. ఆవేళ శుక్రవారం. నేను వంటింటి తలుపు వెనక ఉన్నాను. 

మామ మంచివాడే. నన్ను ఒక్కనాడూ పరుషంగా అనలేదు. కానీ కోడలు ఏడాది పాటు పుట్టింట్లో ఉండి చదువుకోవడం, ఆ తర్వాత నౌకరీ అని బజారున నడిచి వెళ్ళడం ఆయన ఊహకు అందని పని. కాదంటే చిన్నప్పటి స్నేహం లాంటి స్నేహం, వియ్యంకుడి మనసు నొచ్చుకుంటుంది. అవునంటే ఊళ్ళో తలెత్తుకోలేనని భయం. ఆయన చుట్టూ చూశాడు. ఇంటినిండా బంధువులు. మా ఆయన వైపు చూస్తే ఆయన ఎప్పటిలాగే, "నువ్వు ఎట్లంటె గట్ల నాయనా" అన్నాడు. మామ తొడ మీద చెయ్యి కొట్టి ఒక్క నవ్వు నవ్వాడు.

"గీ తకరారంత ఎందుకు బావా? గుడ్డ పరుద్దం. ఒక్కటే ఆట. నువ్వు గెల్చినవా, నీ బిడ్డను ఇయ్యాల్నే బండెక్కించుకోని పో. గెల్వలేదా, ఈ కాగితం ముచ్చట మల్ల తియ్యొద్దు."

జనం ఘొల్లుమన్నారు. వియ్యంకుల సరసం అనుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నలభైమంది ముందు మామ నోట వచ్చిన మాట సరసం కాదు. ఆయన వ్యాపారమంతా నోటి మాట మీదే నడుస్తుంది. నాయన "ఇదేం ముచ్చట బావా, పిల్ల బతుకుతోటి ఆటనా?" అంటాడని చూశాను. అనలేదు. గడ్డం నిమురుకుని, "సరే, పర్వు" అన్నాడు. నా జీవితంలో నేను అంత నివ్వెరపోయిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో మరో రెండు అదే రోజు జరగబోతున్నాయని నాకు అప్పుడు తెలియదు.

నడవలో బండల మీద జంపఖానా పరిచి, దాని మీద చదరంగం గుడ్డ వేశారు. ఎర్ర కాయలు నాయనవి, పచ్చ కాయలు మామవి. మగవాళ్ళు చుట్టూ మూగారు, వక్కలు నములుతూ, సలహాలు మింగుతూ. ఆడవాళ్ళం తలుపు దగ్గర. నేను ఉల్లిగడ్డలు కోయడానికి కూర్చుని, ఎన్ని కోశానో, ఏం కోశానో నాకే తెలియదు. మా అత్త ఒకసారి వచ్చి చూసి, నా చేతిలోంచి కత్తిపీట లాగేసుకుని, ఏమీ అనకుండా తానే కోయడం మొదలుపెట్టింది.

ఆట మొదట్లో మామదే జోరు. టపీ టపీమని కొట్టాడు. నాయన ఎప్పటికంటే ఎక్కువసేపు తీసుకున్నాడు, ఎప్పటికంటే ఎక్కువ వంగి. ముక్కు గుడ్డకు తగిలేటట్టు వంగుతుంటే ఎవరో, "వాసన చూస్తున్నవా ఏంది?" అన్నారు. వజీర్లు, అదే మంత్రులు, రెండూ పోయాయి. ఆ తర్వాత మామ ఆత్రపడి ఒక ఒంటెను పోగొట్టుకున్నాడు. అక్కణ్ణుంచి ఆట మెల్లమెల్లగా నాయన వైపు ఒరిగింది. తొట్టెలలో పిల్లవాడు ఏడుస్తున్నా ఎవరూ పట్టించుకోలేదు. పాటలు పాడాల్సిన ముత్తైదువలు కూడా మా వెనక చేరి మెడలు సాచారు.

చివరికి ఇట్లా మిగిలింది. నాయనకు రాజు, రెండు ఏనుగులు. మామకు రాజు, ఒక్క బంటు. మామ రాజు తన వైపు ఆఖరి వరుసలో నక్కి ఉంది. నాయన ఏనుగు ఒకటి దాని ముందు వరుసను అడ్డంగా కాపలా కాస్తోంది, రాజు ముందుకు రాలేదు. రెండో ఏనుగును ఆ ఆఖరి వరుసకు తోస్తే అయిపోయింది, ఆటకట్టు. బంటు ఎక్కడో ఈ చివర, నాయన మోకాళ్ళ దగ్గర ఉంది. ఇంకో అడుగు వేస్తే అది వజీరు అవుతుంది, కానీ ఆ అడుగు వేసే అవకాశమే రాదు. ఎత్తు నాయనది. నేను తలుపు పట్టుకుని లేచి నిలబడ్డాను. నా గొంతులో గట్టిగా ఉంది ఆ మాట: ఆఖరి వరుస, నాయనా, ఆఖరి వరుస.

నాయన చాలాసేపు చూశాడు. చెయ్యి చాచాడు. రెండో ఏనుగును మెల్లగా వెనక్కి లాగి, మోకాళ్ళ దగ్గరున్న బంటును తిన్నాడు.

 ఎవరో పెద్దాయన, "బుర్దు!" అన్నాడు. "ఆరి! బుర్దు గదనే! సమం!" అని నడవంతా గోల. నాయన తలెత్తి, "బుర్దా?" అన్నాడు. గుడ్డ వైపు చూశాడు, మళ్ళీ మనుషుల వైపు చూశాడు. "అరె, చూస్కోలే" అన్నాడు. మామ హాయిగా ఊపిరి వదిలి, ముఖమంతా నవ్వు చేసుకుని, "సమం బావా, ఎప్పటిలెక్కనే సమం! లే, తిందాం" అని చెయ్యి పట్టి లేపాడు. వాళ్ళకు సమం. నాకు కాదు. గెలిస్తేనే తీసుకుపొమ్మన్నాడు; గెలవలేదు. సోమవారం వస్తుంది, పోతుంది.

నాకు అప్పుడు కలిగింది దుఃఖం కాదు. ముందు దిగ్భ్రమ, వెంటనే కోపం. ఒళ్ళంతా మండిపోయే కోపం. నాకు పాఠం నేర్పిన మనిషి, నిద్రలో కూడా ఆఖరి బంటును ముట్టని మనిషి, నలభైమంది చూస్తుండగా చూసుకోలేదా? ఎవరిని నమ్మిస్తాడు? పిల్లనిచ్చినవాడు వియ్యంకుణ్ణి ఆయన ఇంట్లోనే ఓడించకూడదని కావాలనే తిన్నాడు. మర్యాద కోసం తిన్నాడు. ఆ మర్యాదకు నన్ను ఖర్చు పెట్టాడు. ఇంతకంటే వేరే కారణం ఉండవచ్చునని నాకు తట్టనైనా తట్టలేదు.

చేతులు కడిగించడానికి చెంబు తీసుకుని నడవలోకి వెళ్ళాను. గుడ్డ మీద కాయలు అట్లాగే ఉన్నాయి. చెంబు కింద పెట్టాను. మామ ముందు అంతవరకు నేను తలెత్తి నిలబడింది లేదు. అటువంటిదాన్ని జంపఖానా మీద మోకాళ్ళ మీద కూర్చున్నాను. తిన్న కాయల కుప్పలోంచి ఆ పచ్చ బంటును ఏరి మళ్ళీ దాని గడిలో పెట్టాను. ఏనుగును మొదటి చోటికి తెచ్చాను. అక్కణ్ణుంచి ఆఖరి వరుసకు తోశాను. మామ కొట్టినట్టే, టపీమని.

"చూడుండ్రి మామా. ఆటకట్టు. నాయన చూస్కోక కాదు, కావాల్నని ఇడ్సిపెట్టిండు."

 మా అత్త వచ్చి నా భుజం పట్టుకుంది, లాగలేదు. మామ వంగి గుడ్డను చూశాడు. ఆ ముఖంలో నవ్వు ఎట్లా ఆరిపోయిందో నేను ఎదురుగా చూశాను. ఆయన అంత ఆటగాడు, ఒక్క చూపు చాలు.

"నిజమేనా బావా?" అన్నాడు. గొంతు చాలా మెల్లగా ఉంది. "చూస్కోలేదా? ఇడ్సిపెట్టినవా?"

నాయన తలెత్తాడు. నా వైపు తిరిగాడు. నేను ఏం చేశానో అర్థం చేసుకోవడానికి ఆయనకు కొంతసేపు పట్టింది. తర్వాత అన్నాడు.

"అవు. ఇడ్సిపెట్టిన."

మామ లేచాడు. "ఇన్నేండ్లు నేను గెల్చిన ఆటలల్ల ఎన్ని గిట్లనే గెల్చిన్నో" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "నా ఇంట్ల కూసోని నాకే బిచ్చమేసినవు. సరే. మాట మాటే, నేను ఓడిన. పిల్లను తోల్కపో." అని మా ఆయన వైపు తిరిగి, "సామాను కట్టించు" అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ పూట ఆయన విస్తరి ముందు కూర్చోలేదు.

మధ్యాహ్నం బండికి నేనూ నాయనా వికారాబాద్‌కు బయలుదేరాం. మా ఆయన వచ్చి పెట్టె ఎక్కించి వెళ్ళాడు. ఆయన ముఖంలో కూడా ఆవేళ నవ్వు లేదు. నా గుండె ఎగిరి గంతులు వేయాలి. వేయలేదు. కోపం తగ్గుతున్నకొద్దీ భయం మొదలైంది. కిటికీ అవతల కంది చేలు, రాళ్ళ గుట్టలు పోతున్నాయి.  చాలాసేపటికి నేనే అడిగాను.

"ఎందుకు తిన్నవు నాయనా ఆ బంటును? మర్యాద కోసమా?"

"కాదు బిడ్డా."

"మరి?"

"కానరాలే."

నాకు అర్థం కాలేదు. ఆయన కిటికీ వైపు చూస్తూనే చెప్పాడు. ఏడాదిగా కళ్ళ ముందు పొగ కమ్మినట్టుంటోంది. దగ్గరివి కొంత మేలు, దూరానివి మసక. కచేరీలో తెలిస్తే నౌకరి పోతుందని ఎవరికీ చెప్పలేదు, అమ్మకు కూడా. తోటి గుమాస్తా ఒకతను కాగితాలు చదివి పెడుతున్నాడు.

"మీ మామ రాజు ఏ గడిల ఉన్నదో ఖరారుగ కానరాలే. ముందటికొచ్చిన బంటు ఒక్కటి సాఫ్‌గ కనవడ్డది. అది వజీరు అయితదని భయమైంది. అవతలి మూలకు ఇంకో బంటు ఉన్నదనుకున్న. అందుకే తిన్న."

"అవతలి మూలకు ఏమీ లేదు గద నాయనా!"

"ఎవ్వలిదో వక్క పలుకు పడ్డది, దాన్నే బంటనుకున్న. లేస్తుంటె చేతికి తాకింది."

 పొద్దున గడపలో తూలడం, కాగితం నువ్వే చదువు బావా అనడం, ముక్కు గుడ్డకు ఆనించడం, అన్నీ నా కళ్ళముందే జరిగాయి. నలభైమందితో పాటు నేనూ చూశాను, నవ్వాను కూడా. చదరంగంలో ఎక్కడ ఏమవుతుందో చూడగలననుకునే దాన్ని, ఎదురుగా ఉన్న మనిషిని చూడలేదు. పైగా అందరి ముందూ ఆయన చెయ్యని పని ఆయనకు అంటగట్టాను. ఆయన నిజమే చెప్పాడు, చూసుకోలేదని. నిజం చెప్పిన మనిషిని నేను అబద్ధాలకోరును చేశాను.

"మరి అవునని ఎందుకన్నవు?" అరిచినట్టున్నాను, పక్క బల్ల మీది వాళ్ళు తిరిగి చూశారు. "మామ అడిగినప్పుడు, కాదు కానరాలేదని ఎందుకు చెప్పలే? ఆయన నిన్ను ఎంత మాట అన్నడు!"

నాయన నా వైపు తిరిగాడు. ఆయన చూపు నా ముఖం మీద కాక కొంచెం పక్కన ఆగింది. అది అప్పుడే మొదటిసారి గమనించాను.

"కాదంటె ఆట బుర్దే అయ్యేది. అవునంటెనే గద నువ్వు బండెక్కినవు."

 వికారాబాద్‌లో బండి దిగేముందు నాయన, "మీ మామకు చెప్పకు. చెప్తివా, తను ఓడలేదని తెలుస్తది. మల్ల నిన్ను పిల్వనంపుతడు. ముందుగాల చదువు కానియ్యి" అన్నాడు. నేను సరే అన్నాను. సోమవారం వెళ్ళి చేరాను.

చదువు బాగా సాగింది. బాగా సాగిందని చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. ఆ ఏడాదిలో మామ ఒక్కసారి కూడా వికారాబాద్‌లో మా ఇంటి గడప తొక్కలేదు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఇద్దరూ కలిసేవారు. పక్కపక్కనే కూర్చునేవారు. వానలెట్లున్నయి అని ఈయన, ధరలెట్లున్నయి అని ఆయన. వియ్యంకుల మధ్య వేళాకోళం లేకపోతే ఇక ఏముంటుంది? అంతవరకు "ఏం బావా, నువ్వు" అన్న మామ "మీరు" అని పిలవడం మొదలుపెట్టాడు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నాయన చేతిలోని మంచినీళ్ళ గ్లాసు కాసేపు అట్లాగే ఆగిపోయింది.

ట్రైనింగ్ అయిపోయింది. అప్పుడు చెప్పాలి. కానీ ఉద్యోగం ఆర్డరు రాలేదు కదా, వచ్చాక చెబుదాం అనుకున్నాను. తాండూరులోనే ఆడపిల్లల బడిలో వేశారు. కొత్తగా చేరాను కదా, పర్మనెంటు కానియ్యి అనుకున్నాను. తర్వాత పెద్దవాడు కడుపులో పడ్డాడు. మామ నన్ను బడికి పంపడానికి అడ్డు చెప్పలేదు. ఓడినవాడు ఇచ్చిన మాట అది, అంతే. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఒక కారణం నా చేతులతో ఆయనకివ్వడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇది చేతగానితనం కాదు, స్వార్థం. రోజూ పొద్దున పలకలు పట్టుకుని వచ్చే పిల్లల్ని చూడగానే ఆ స్వార్థం నాకు ఎంత తియ్యగా ఉండేదో కూడా చెప్పాలి. మూడేళ్ళు అట్లా గడిచాయి.

ఈలోగా నాయన కళ్ళ సంగతి దాచడానికి వీల్లేని స్థితికి వచ్చింది. నౌకరి ముందే మానుకున్నాడు. పట్నం తీసుకెళ్ళి ఒక కంటికి ఆపరేషన్ చేయించాం. ఆలస్యం చేశారన్నారు డాక్టర్లు. వెలుతురూ నీడా తెలుస్తాయి, మనిషి ఆకారం తెలుస్తుంది, ముఖం తెలియదు.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి మామ అరుగు మీద కూర్చుని ఎవరితోనో అంటున్నాడు, "మా వియ్యంకుడా, మస్తు ఆటగాడు. నాకు బిచ్చమేసేటంత ఆటగాడు" అని. ఆ మాట అంతకుముందు చాలాసార్లు విన్నదే. ఆవేళ ఎందుకో భరించలేకపోయాను. వచ్చిన మనిషి వెళ్ళిపోయేదాకా ఆగి, పుస్తకాల సంచి దించకుండానే ఎదురుగా నిలబడి మొత్తం చెప్పేశాను. కళ్ళు, వక్క పలుకు, అవునని ఎందుకన్నాడో, రైల్లో ఏమన్నాడో. ఇన్నాళ్ళు నేనెందుకు చెప్పలేదో అది కూడా దాచలేదు.

మామ నన్ను చూస్తూ ఉండిపోయాడు.  నేను తిట్లకు సిద్ధపడి ఉన్నాను. బడి మానేయమంటే మానేయడానికి కూడా సిద్ధపడ్డాననే అనుకుంటున్నాను.

"అంటె ఆ ఆట సమమేనా?" అన్నాడు చివరికి.

"సమమే మామా."

"బిచ్చం గాదు?"

"కాదు."

ఆయన కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. మా మామ ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. లేచి లోపలికి వెళ్ళి, అటక మీది పెట్టెను తానే దించి, గుడ్డ తీసి దులిపాడు. కాయలు ఒక్కొక్కటి తుడిచాడు. "పొద్దుగాల బండికి పోత" అన్నాడు అత్తతో. ఆ రాత్రి పెళ్ళికి వెళ్ళేవాడిలాగా ఇస్త్రీ ధోవతి తీయించి పెట్టుకున్నాడు. నాకు అంత తేలిక అనిపించింది, ఇంత చిన్న పనిని మూడేళ్ళు మోశానా అనిపించింది.

మర్నాడు సాయంత్రం బండికి తిరిగి వచ్చాడు. రెండు మూడు రోజులైనా ఉంటాడనుకున్నాం. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు తీసుకుని నేనే వెళ్ళాను.

"ఆడిన్రా మామా?"

"ఆడినం."

"ఎవరు గెల్చిండ్రు?"

"నేనే. మూడు ఆటలకు మూడు."

చెంబు అందుకోలేదు. అరుగు మీద కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కాయలను వేళ్ళతోటి తడిమి ఆడిండు మీ నాయన. నన్ను చూస్తె ఎంత సంబురపడ్డడో. గుర్రాన్ని ఒంటె అనుకున్నడు. చెప్పబోతె, 'చెప్పకు బావా, నా ఆట నన్ను ఆడనియ్యి' అన్నడు. ఏ కాయ యాడున్నదో రెండెత్తులకే మరుస్తున్నడు. మూడో ఆట నేనే కావాల్నని సమం చెయ్యాలని చూసిన బిడ్డా. ఎన్ని తీర్ల చూసినా కాలేదు. ఆయన ఆట ఇగ లేదు."

నేను నిలబడే ఉన్నాను. ఆయన నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో, వెతికినా దొరకలేదు.

"ఆ ఏడాదే చెప్తె, ఇంకో రెండేండ్లన్న ఆడుకుంటుంటిమి గదమ్మా" అన్నాడు.

 ఆయన చెంబు అందుకుని కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళాడు. నేను మర్నాడు పొద్దున ఎప్పటిలాగే బడికి వెళ్ళాను.